చారు పరీక్ష

పంతొమ్మిది వందల డెబ్బై మూడు జూన్‌లో నన్ను మా ప్రయోగశాల ప్రధాన భవనం నుంచి గచ్చిబౌలి దగ్గరి పైలట్ షెడ్డుకు బదిలీ చేశారు. ఉత్తర్వులో ‘పరిపాలనా సౌలభ్యం కోసం’ అని రాశారు. అంతకు కొన్ని రోజుల ముందు ఒక సెమినార్‌లో పై అధికారి వేసిన లెక్క తప్పని నలుగురి ముందు చెప్పాను. వాళ్లకు కావలసిన సౌలభ్యం ఏమిటో నాకు అప్పుడే అర్థమైంది.

నేను అప్పటికి జూనియర్ సైంటిఫిక్ అసిస్టెంట్‌ని. గాజు సామాను కడిగేవాళ్లకు ఒక మెట్టు పైన, ఫలితాల కింద సంతకం పెట్టేవాళ్లకు మూడు మెట్లు కింద ఉండే ఉద్యోగం అది. పైగా ప్రొబేషన్‌లో ఉన్నాను. ఆ గడువు సజావుగా ముగిసిందని పై అధికారి రాసిస్తేనే ఉద్యోగం పక్కా అయ్యేది. రాయకపోతే ఇంటికి వెళ్లి పెళ్లి సంబంధాలకు టీ కప్పులు అందించుకోవాలి.

ఆ రోజుల్లో గచ్చిబౌలి అంటే బండరాళ్లు, తంగేడు పొదలు, సీతాఫలం చెట్లు. నార్సింగి అంగడి రోజున తోలుకెళ్లే పశువులు తప్ప దారిలో రద్దీ ఉండేది కాదు. ఇప్పుడు అక్కడ కంప్యూటర్ కంపెనీలకు అద్దాల మేడలు లేస్తున్నాయి. వాటి పునాదుల కింద ఎక్కడో మా షెడ్డు గచ్చు ఉండే ఉంటుంది. అక్కడ ఒకప్పుడు మందు తయారుచేసేవాళ్లం అంటే ఈ కాలం పిల్లలు నమ్మరు. మేం కాచింది మందు కాదనేది వేరే సంగతి. ఈ వ్యాసం దాని గురించే.

షెడ్డు ఇన్‌చార్జి, ఇక నా ప్రొబేషన్ గురించి రాయాల్సిన అధికారి, డాక్టర్ భుజంగరావు గారు. సీనియర్ సైంటిఫిక్ ఆఫీసర్. రేపల్లె వైపు మనిషి. వేళకు వచ్చేవారు, వేళకు భోంచేసేవారు, మాంసం వండిన ఇంటి గుమ్మం కూడా తొక్కేవారు కాదు. మరుసటి ఏడాది పదవీ విరమణ చేయాలి. చేతిలో ఒక చెప్పుకోదగ్గ ఫలితం ఉంటే ఎక్స్‌టెన్షన్ ఇస్తారని, అంటే ఉద్యోగం మరికొంత కాలం పొడిగిస్తారని పైనుంచి సూచన వచ్చింది. ఆయన ఆ ఫలితాన్ని తంగేడులో వెతుకుతున్నారు.

ఆయన ఆలోచన తీసిపారేయదగ్గది కాదు. తంగేడు చెక్కతో, అంటే బెరడుతో, తోళ్లు ఊనుతారు. పచ్చి తోలును కుళ్లకుండా కాపాడేది క్రిముల్ని కూడా చంపగలదు కదా అని ఆయన తర్కం. పల్లెల్లో విరేచనాలకు తంగేడు కషాయం తాగించడం ఉంది. వానాకాలంలో పిల్లల్ని పట్టుకునే జిగట విరేచనాలకు చౌకగా దొరికే మందు కనిపెట్టాలని ఆయన పట్టుదల.

మొక్క నుంచి మందు తీయడం అంటే ఆకు నూరి సీసాలో పోయడం అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆకో, చెక్కో తెచ్చి నీడలో ఆరబెట్టి, దంచి, నీళ్లలోనో సారాయిలోనో కాచి సారం తీస్తారు. ఆ సారం క్రిమిని చంపుతుందో లేదో చూస్తారు. చంపితే, అందులో ఏ అంశం చంపుతున్నదో విడదీస్తూ పోతారు. చూడడానికి మేం వాడేది అగర్ ప్లేటు. అగర్ అనేది సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం. గాజు పళ్లెంలో పోస్తే జున్నులా గడ్డకడుతుంది. దాని మీద క్రిమిని పెంచి, జున్నులో చిన్న గుంటలు తొలిచి, గుంటల్లో సారం పోస్తాం. సారానికి శక్తి ఉంటే గుంట చుట్టూ క్రిమి పెరగక, తేటగా ఒక వలయం మిగులుతుంది. దాన్ని జోన్ అంటాం. జోన్ ఎంత పెద్దదైతే పైవాళ్ల ముఖాలు అంత వెలుగుతాయి.

ప్రయోగశాలలో గాజు ఫ్లాస్కులో కాచిన తంగేడు సారానికి జోన్ చిన్నదే వచ్చింది. పెద్ద ఎత్తున కాస్తే ఎలా ఉంటుందో చూడడానికే ఈ షెడ్డు. అందుకు స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర కావాలని భుజంగరావు గారు కొనుగోలు విభాగానికి ఇండెంట్ పెట్టారు. ‘పాత్ర పరిశోధనకా, క్యాంటీన్‌కా?’ అని ప్రశ్న వేసి ఫైలు తిప్పి పంపారు. ఆయన జవాబు రాశారు. ‘పరిశోధనకైతే ఇంత పెద్దది ఎందుకు?’ అని మళ్లీ తిరిగొచ్చింది. విసిగిపోయి టోలిచౌకిలో పెళ్లిళ్లకు వంటసామాను కిరాయికి ఇచ్చే జహంగీర్ భాయ్ దగ్గర రెండు రాగి డేగిసాలు తెప్పించారు. లోపల తగరం కళాయి పూసిన, బిర్యానీ వండే డేగిసాలు. రాగి అయితే వేడి అంతటా సమంగా పాకుతుందని, పైగా రాగిపాత్రలో నీళ్లు ఆరోగ్యమని పెద్దలు ఊరికే అనలేదని ఆయన సంతోషించారు కూడా.

వచ్చిన చిక్కల్లా మాంసం వాసన. డేగిసా మూత తీయగానే ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేశారు. పొయ్యి చూసుకునే మల్లయ్యది నార్సింగి. అతన్ని పిలిచి, చింతపండు, ఇటుక పొడి పెట్టి కొబ్బరి పీచుతో తోమించారు. తోమాక వంగి వాసన చూసి, మళ్లీ తోమించారు. ప్రతి బ్యాచ్‌కు ముందూ ఇదే తంతు.

“వాసన పోయిందా మల్లయ్యా?”

“పోయింది సారూ. ఇంక తోమితే ఇవతలికెల్లి అవతల కనబడతది.”

“అయినా ఇంకొక్కసారి తోమేసెయ్.”

తంగేడు చెక్క నార్సింగి ఆడవాళ్లు కోసుకొచ్చేవారు. “చెక్క గీకి తెస్తం గాని కొమ్మలు నరకం, బతుకమ్మకు పువ్వు గావాలె మాకు” అని మమ్మల్నే బెదిరించేవారు. ఆ చెక్కతో జూన్‌లో మొదటి బ్యాచ్ కాచాం. జోన్ గాజు ఫ్లాస్కు సారానికి వచ్చినంతే వచ్చింది. రెండో బ్యాచ్‌కు కొంత పెరిగింది. మూడో బ్యాచ్‌కు భుజంగరావు గారు స్కేలు పెట్టి కొలిచి, నమ్మలేక, ఇంకో స్కేలు తెప్పించుకుని కొలిచారు. ఆ సాయంత్రం షెడ్డు సిబ్బంది అందరికీ కాఫీ తెప్పించారు.

నాకు కాఫీ దిగలేదు. అదే పొదలు, అదే చెక్క, అదే నీళ్లు, అదే వేడి. శక్తి మాత్రం బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ పెరుగుతోంది. ఎందుకని అడిగాను.

“వానలమ్మా. వాన పడగానే మొక్కలో సారం పైకి ఎగబాకుతుంది.”

“వాన పడితే చెక్క నీరు పట్టి సారం పలచబడాలి కదా సార్?”

“నువ్వు పుట్టక ముందునుంచీ చూస్తున్నా అమ్మాయ్ ఈ మొక్కల్ని.”

“మొక్కల సంగతి కాదు సార్, కారణం అడుగుతున్నాను.”

ఆయన ఫైలులో ‘ఋతు ప్రభావం’ అని రాశారు. కారణం తెలియనప్పుడు రాయడానికి మా వృత్తిలో కొన్ని గౌరవప్రదమైన మాటలు ఉన్నాయి. అది వాటిలో ఒకటి.

ఇంకొక సంగతి కూడా నన్ను వదల్లేదు. షెడ్డులో వైరస్‌ల మీద కూడా పరీక్షలు చేసేవాళ్లం. కోళ్లకు వచ్చే కొక్కెర తెగులు వైరస్‌ను పొదుగుతున్న గుడ్లలోకి సూదితో ఎక్కించి, సారం దాన్ని ఆపుతుందేమో చూడడం. గుడ్ల గది పని నాదే. భుజంగరావు గారు ఆ గదిలోకి వచ్చేవారు కాదు. ఫలితాలు గుమ్మం బయట నిలబడి వినేవారు. వైరస్ లేకుండా సారం ఒక్కటే ఎక్కించిన గుడ్లను పోల్చి చూసుకోవడానికి విడిగా పెట్టుకుంటాం. అవి బాగుండాలి. మొదటి బ్యాచ్ ఎక్కించినవి బాగానే ఉన్నాయి. మూడో బ్యాచ్ ఎక్కించినవాటిలో పిల్లలు లోపలే చచ్చిపోయాయి. గుమ్మం దగ్గరికి వెళ్లి చెప్పాను.

“ఉక్కపోతకు గుడ్లు మురిగి ఉంటాయమ్మా.”

“పక్క ట్రేలో ఏమీ ఎక్కించనివి బతికే ఉన్నాయి సార్. వాటికి ఉక్క పోయదా?”

ఆయన తన గదికి వెళ్లిపోయారు. అప్పటికే విషయం షెడ్డు దాటిపోయింది. నగరంలోని ఒక పెద్ద దవాఖానలో పిల్లల వార్డు చూసే డాక్టర్ ఖుర్షీద్ గారు, సారాన్ని ఆరబెట్టి మేం చేసే పొడి కోసం ఎదురుచూస్తున్నారు. ఆమె ఒకసారి షెడ్డుకు వచ్చారు. భుజంగరావు గారు తోళ్లు ఊనడం దగ్గర మొదలుపెట్టి వివరించబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

“డాక్టర్ సాబ్, ఆ తోలు ముచ్చట నాకెందుకు? నా వార్డుల ఒక్కొక్క మంచం మీద ఇద్దరు పిల్లలున్నరు. మీ మందు పనిచేస్తదా, చెయ్యదా?”

“చేస్తుందండి” అన్నారాయన.

ఆ ‘అండి’లో ఆయన ఎక్స్‌టెన్షన్ ఉంది, పాతికేళ్ల సర్వీసు ఉంది, నిజాయితీ కూడా ఉంది. ఆయన అబద్ధం చెప్పలేదు. తను నమ్మిందే చెప్పారు. నాలుగో బ్యాచ్ పొడి నేరుగా పిల్లల వార్డుకు వెళ్లాలని ఆ రోజే నిర్ణయమైంది. ఇప్పుడున్నన్ని కమిటీలు, అనుమతులు అప్పుడు లేవు. ఇద్దరు పెద్దమనుషులు సరే అనుకుంటే సరిపోయేది. గుడ్డులో పిల్లను చంపినది, విరేచనాలతో ఒంట్లో నీరు ఇంకిపోయిన చంటిపిల్లలను ఏం చేస్తుందో అడగడానికి షెడ్డులో నేను తప్ప ఎవరూ మిగల్లేదు. నేనేమో ప్రొబేషన్‌లో ఉన్నాను.

నాలుగో బ్యాచ్ కాచే ముందు రోజు డేగిసా మూత తీసి లోపలికి తొంగిచూశాను. కళాయి పూసిన పాత్ర లోపల వెండిలా తెల్లగా ఉంటుంది. ఇది ఎర్రగా ఉంది. అంచు దగ్గర గోరువెడల్పు తెలుపు తప్ప అంతా పచ్చి రాగే. అడుగున మూల మడతలో ఆకుపచ్చ చార.

మా ఇంట్లో ఇత్తడి, రాగి గిన్నెలకు కళాయి పోయిందంటే మా అమ్మ వాటిని పక్కన పెట్టేసేది. పులుపు తగిలితే చిలుము ఎక్కుతుంది, తింటే వాంతులవుతాయి. ఇది ఏ పుస్తకంలోనూ చదవక్కర్లేదు. వంటింట్లో పెరిగితే చాలు. మేం చేసిందేమిటి? మాంసం వాసన పోవడానికి చింతపండుతో, ఇటుక పొడితో తోమితోమి కళాయిని మొత్తం గీకేశాం. తర్వాత అందులో వగరూ పులుపూ కలిసిన తంగేడు చెక్క పోసి పూటల తరబడి మరిగించాం. శక్తి బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ ఎందుకు పెరిగిందో అప్పుడు తట్టింది. పెరిగింది తంగేడు గుణం కాదు. కరిగింది రాగి. రాగికి క్రిములను చంపే గుణం ఉంది. ద్రాక్షతోటల్లో తెగుళ్లకు రాగితో చేసే మైలుతుత్తం కొట్టేది అందుకే.

వెంటనే భుజంగరావు గారి దగ్గరికి వెళ్లాను. బయట దంపుడు యంత్రం రొద. “సార్, డేగిసాకు చిలుము పట్టింది. ఆ సారమంతా చిలుమే” అని గట్టిగా చెప్పాను. ఆయన తలూపారు. మల్లయ్యను పిలిచి, సారం కలిపే ఇనుప గరిటె తీసేసి చెక్క తెడ్డు పెట్టమన్నారు. “నువ్వు చెప్పింది మంచిదేనమ్మా, చూశావా, విన్నాను” అన్నారు. నాలుగో బ్యాచ్ అదే డేగిసాలో, కొత్త తెడ్డుతో కాచారు.

ఆయన ఏం విన్నారో నాకు తర్వాత అర్థమైంది. మా ఇంట్లో చిలుము అంటే రాగికి, ఇత్తడికి పట్టే పచ్చది. ఇనుముకు పట్టేదాన్ని జంగు అంటాం. ఆయన ఊళ్లో చిలుము అన్నా, తుప్పు అన్నా ఇనుముదే. రాగికి పట్టేది కిలుము. నేను విషం అని అరిచాను, ఆయన తుప్పు అని విన్నారు. ఆ ఏడు బయట ఒక్క రాష్ట్రమా, రెండా అని జనం కొట్టుకుంటున్నారు. మాకు గిన్నెకు పట్టేదానికి ఒక్క మాట లేదు.

విడమరిచి మళ్లీ చెప్పాను. ఈసారి రాగి అనే అన్నాను. కానీ అప్పటికి నాలుగో బ్యాచ్ జోన్ చూసేశారు. అంత పెద్ద జోన్ చూశాక మనిషికి చెవులు పనిచేయవు.

“ప్రతిదానికీ వాదనేనా అమ్మాయ్? కళాయి అరిగితే ఆవగింజంత రాగి దిగుతుందేమో. దానికే ఇంత జోన్ వస్తుందా?”

“వస్తుందో రాదో చూద్దాం సార్. వేరే ఏదైనా ఆ డేగిసాలో కాచి చూద్దాం.”

“ఏం కాస్తావు?”

“ఏదో ఒకటి.”

“వార్డుకు పంపే పనుంది. నీ ఆటలకు టైం లేదు” అన్నారు.

ఆటలకు టైం లేదన్నారు కానీ వద్దనలేదు. వాదించేవాళ్లకు ఆ తేడా ముఖ్యం.

అంతలో జహంగీర్ భాయ్ డేగిసాల కోసం వచ్చాడు. పెళ్లిళ్ల కాలం వస్తోంది. ఒకటి ఎత్తి లోపల చూసి గచ్చు మీద కూలబడ్డాడు.

“అయ్యో అల్లా. ఇదేంది అమ్మా? కళాయి మొత్తం గీకి పెట్టిండ్రు. ఏం వండిండ్రు ఇండ్ల, ఇసుక వండిండ్రా?”

“తంగేడు చెక్క, భాయ్.”

“చెక్క ఎవరు తింటరు?”

“ఎవరూ తినకూడదనే చూస్తున్నా. ఒకటి తీసుకపో. ఒకటి మాత్రం గిట్లనే ఉంచు. కళాయి పెట్టకు.”

“కళాయి పెట్టొద్దా?” అతను నన్ను ఎగాదిగా చూశాడు. “చదువుకున్నోళ్ల పరేషానే వేరు. సరే గాని అమ్మా, దాంట్ల చారు గిట్ల కాసేరు. దవాఖానల పడ్తరు.”

చారే కాచాలని అప్పటికే నిర్ణయించుకున్నాను. చింతపండు నానబెట్టి పులుసు పిండి రెండు భాగాలు చేశాను. ఒక భాగం గాజు ఫ్లాస్కులో, ఒక భాగం డేగిసాలో, తంగేడు మరిగినంత సేపూ మరిగించాను. పులుపు వల్లే క్రిమి చచ్చిందని అంటారని నాకు తెలుసు. అందుకని రెండింట్లోనూ సోడా వేసి, లిట్మస్ కాగితం రంగు మారడం ఆగేవరకు పులుపు విరిచాను. పొయ్యి దగ్గర మల్లయ్య నిలబడి వాసన పీల్చి, “మిరియాలు తేవాల్నా అమ్మా?” అని అడిగాడు. వద్దన్నాను.

ప్లేటులో అయిదు గుంటలు తొలిచాను. ఒకటి గాజులో కాచిన తంగేడు. రెండు మొదటి బ్యాచ్. మూడు నాలుగో బ్యాచ్. నాలుగు గాజులో కాచిన చింతపండు. అయిదు డేగిసాలో కాచిన చింతపండు. కొలిచే అధికారికి ఏ నంబరు ఏదో ముందుగా చెప్పకూడదని మా నియమం. చూపు ఆశించినదాని వైపు జారుతుందని పెట్టిన నియమం అది. ఆ నియమాన్ని షెడ్డులో ప్రవేశపెట్టింది భుజంగరావు గారే.

మరుసటి రోజు ప్లేటు ఆయన బల్ల మీద పెట్టాను. జీపు ఆ తర్వాతి ఉదయం పొడి డబ్బాలతో దవాఖానకు బయలుదేరాలి. డబ్బాలు లక్క వేసి సీలు చేసి ఉన్నాయి. ఆయన ప్లేటును కిటికీ వెలుతురుకు ఎత్తి, స్కేలు ఆనించి, ఒక్కొక్కటీ నిదానంగా కొలుస్తూ పైకి చెప్పారు. ఒకటి, రెండు చిన్నవి. నాలుగుకు జోనే లేదు. మూడు పెద్దది. అయిదు దాదాపు అంతే, వెంట్రుకవాసి ఎక్కువ.

“అయిదు మన నాలుగో బ్యాచ్. అంచు ఎంత తీరుగా ఉందో చూడు. మూడు మూడో బ్యాచ్ అయి ఉంటుంది.” ముఖం విప్పారింది. “ఇప్పుడేమంటావు?”

“అయిదు చారు సార్.”

“ఏ చారు?”

“చింతపండు చారు. పోపు పెట్టలేదు.”

ఆయన ప్లేటు దించలేదు. అలాగే వెలుతురుకు పట్టుకుని ఉన్నారు.

“పులుపుకు చచ్చి ఉంటుంది.”

“సోడాతో విరిచాను సార్. లిట్మస్ కాగితాలు దాచాను.”

“చింతపండుకే ఏదో గుణం ఉండొచ్చు.”

“నాలుగు కూడా చింతపండే సార్. గాజులో కాచింది. జోన్ లేదని మీరే ఇప్పుడు అన్నారు.”

ఆయన ప్లేటు దించి బల్ల మీద పెట్టారు. తర్వాత, “అయితే తంగేడులో ఏమీ లేదంటావు” అన్నారు.

“ఉంది సార్. ఒకటో నంబరులో ఉన్నంత ఉంది. చిక్కటి టీ డికాక్షన్ పోసినా అంత వస్తుంది.”

ఇంకొంచెం మెత్తగా చెప్పి ఉండవచ్చని మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ అంటారు. మెత్తగా చెబితే జీపు వెళ్లిపోయేది.

ఆయన లేచారు. నన్ను ముట్టుకోనివ్వకుండా ఒక డబ్బా సీలు తనే పగలగొట్టి, పొడి కొంచెం పింగాణీ మూసలో తీసుకుని కొలిమి పెట్టెలో పెట్టారు. మొక్కదంతా కాలిపోయి లోహాలు మాత్రం బూడిదలో మిగులుతాయి. ఆ బూడిదను ఆమ్లంలో కరిగించి అమ్మోనియా చుక్కలు వేస్తే, రాగి ఉంటే నీలం రంగు వస్తుంది. ఇంటర్మీడియట్ పిల్లలు చేసే పరీక్ష. తంగేడు సారం ముదురు గోధుమరంగు కాబట్టి ఇన్నాళ్లు ఆ నీలం కంటికి ఆనలేదు. ఇప్పుడు పరీక్షనాళికలో బట్టలకు పెట్టే నీలిమందు కలిపినట్టు వచ్చింది.

ఆయన చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

“మా అమ్మ కళాయి పోయిన గిన్నెలో మజ్జిగ కూడా పోయనిచ్చేది కాదు. కిలుమెక్కుతుందని.”

“నేను చెప్పిందీ అదే సార్. చిలుమని.”

“చిలుమంటే తుప్పు కదమ్మా?”

“తుప్పును మేం జంగు అంటాం సార్.”

“ముందే కిలుమనొచ్చు కదా.”

“మీరు కళాయి ఉందో లేదో చూడొచ్చు కదా సార్.”

దానికి ఆయన చిన్నగా నవ్వారు. నన్ను వెళ్లమన్నారు. జీపు సంగతి ఏమీ అనలేదు. నేను ఇంటికి వెళ్తూ ఒకటి నిశ్చయించుకున్నాను. ఉదయం జీపులో డబ్బాలు ఎక్కితే, డాక్టర్ ఖుర్షీద్ గారికి పోస్టాఫీసు నుంచి ఫోన్ చేసి చెప్పేస్తాను. ఆ తర్వాత ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది.

ఉదయం నేను వచ్చేసరికి జీపు వెళ్లిపోయింది. లోపలికి వెళ్లి చూస్తే డబ్బాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయన ఖాళీ చేతులతో, డ్రైవరు పక్కన కూర్చుని తనే వెళ్లారని మల్లయ్య చెప్పాడు.

అక్కడ జరిగింది నాకు కొన్నాళ్ల తర్వాత డాక్టర్ ఖుర్షీద్ గారు చెప్పారు. భుజంగరావు గారు కుర్చీలో కూర్చోకుండానే, “మందు లేదండి. మేం కొలిచింది పాత్రను. మొక్కను కాదు” అన్నారట. “ముందే వచ్చి చెప్పిండ్రు, మంచిదైంది. పిల్లలకు పోసినంక వచ్చుంటే నేనే మీ షెడ్డు మీదికి వచ్చేదాన్ని” అని ఆమె ఆయనకు చాయ్ తెప్పించారట. ఆయన తాగారట. బయట చాయ్ తాగడం ఆయనకు అలవాటు లేదు.

ఆయన పైకి పంపిన నివేదికలో, కళాయి లేని రాగిపాత్రలో తయారైనందువల్ల బ్యాచ్‌ల ఫలితాలన్నీ చెల్లవని రాశారు. కనిపెట్టిందెవరో రాయలేదు. దాని మీద కూడా నేను వాదనకు వెళ్లాను.

“నీ పేరు రాస్తే, ఇన్నాళ్లు ఎందుకు ఊరుకుందని నిన్నూ అడుగుతారమ్మా.”

“నేను ఊరుకోలేదు సార్. మీరు వినలేదు.”

“అది రాయమంటావా?”

రాయమన్నాను. రాయలేదు. అది నన్ను కాపాడటమో, తనను కాపాడుకోవడమో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. రెండూ కావచ్చు. నా ప్రొబేషన్ ముగిసినట్టు మాత్రం రాశారు. వ్యాఖ్యల గడిలో, ‘వాదిస్తుంది. సాధారణంగా కారణం ఉంటుంది’ అని ఉంది. మా ఆఫీసు భాషలో అది పొగడ్త కిందికే వస్తుంది.

ఎక్స్‌టెన్షన్ రాలేదు. మరుసటి ఏడాది ఆయన విరమణ చేసి రేపల్లె వెళ్లిపోయారు. ఆయన వెళ్లాక స్టీలు పాత్ర వచ్చింది. అందులో తంగేడు మళ్లీ కాచాం. జోన్ ఒకటో నంబరులో వచ్చినంతే వచ్చింది, పని మూసేశాం. జహంగీర్ భాయ్ రెండో డేగిసా తీసుకుపోయి కళాయి వేయించుకున్నాడు. అందులో వండిన పెళ్లి భోజనానికి నన్ను పిలిచాడు. వెళ్లాను. తినే ముందు మూత తీసి లోపల తెల్లగా ఉందో లేదో చూశాను. అతనేమీ అనుకోలేదు.

నేను ప్రధాన భవనానికి తిరిగొచ్చి, సంతకం పెట్టే మెట్టు ఎక్కాక, ఏ మొక్క సారం వచ్చినా ముందు అది కాచిన పాత్రలో వేరేదేదైనా కాచి పరీక్షించనిదే సంతకం పెట్టేదాన్ని కాదు. మాతోటివాళ్లు వెటకారంగా దానికి చారు పరీక్ష అని పేరు పెట్టారు. పేరు నిలిచిపోయింది, వెటకారం పోయింది. పోయినేడు నేను స్వచ్ఛందంగా విరమణ తీసుకునే ముందు, కొత్తగా చేరిన ఒక సైంటిస్టు నివేదికలో ‘చారు’ అన్న మాటను ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, మధ్యలో చుక్కలు పెట్టి రాశాడు. పూర్తి పేరేమిటి మేడమ్, పుస్తకాల్లో దొరకలేదు అని అడిగాడు. చింతపండుతో చేసేది అన్నాను. జోక్ చేస్తున్నాను అనుకున్నాడు.

మొక్కల్లో మందు ఉందని నమ్మేవాళ్లతో నాకు పేచీ లేదు. నా జీతమంతా ఆ నమ్మకం నుంచే వచ్చింది. కానీ సారంలోకి మొక్క ఒక్కటే రాదు. గిన్నె వస్తుంది, తోమిన చెయ్యి వస్తుంది, ఎవరికి ఏ వాసన పడదో అదీ వస్తుంది. వాటన్నిటినీ తీసేశాక ఏమైనా మిగిలితే దాన్ని మందు అనవచ్చు. మాకు మిగల్లేదు. ఆ సంగతి పిల్లల వార్డులో కాక షెడ్డులోనే తేలింది. పరీక్ష పని అంతవరకే.